ఘాట్ రోడ్డు మనుషులకు హుషారైన గేర్ల కారు: గేర్ బాక్స్ గట్టిదో కాదో తేల్చుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో కుర్రకారు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. పది లక్షలకు అటూ ఇటూ బడ్జెట్. కొంచెం హుషారుగా పరుగెత్తే కారు కావాలి. ఆటోమేటిక్ వద్దు, క్లచ్ తొక్కి చేత్తో గేర్లు వేసుకునే బండే కావాలి. ఏది తీసుకుంటే గేర్ బాక్స్ గొడవ లేకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది?

అసలు సిసలు చవక స్పోర్ట్స్ కార్లంటే మాజ్దా ఎంఎక్స్-5, టయోటా 86 లాంటివి. వాటిని ఆ కంపెనీలు మన దేశంలో అమ్మలేదు. కాబట్టి మనకున్నది టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) ఉన్న హ్యాచ్‌బ్యాకులు, బాగా పరుగెత్తే సెడాన్లు. వీటిలోనే పోల్చుకుని ఎంచుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గేర్ బాక్స్ విషయంలో కంపెనీ పేరుకు నేను మూడో స్థానమే ఇస్తాను. మొదటిది, మీరు కొనబోయే ఆ ఫలానా బండి ఇన్నాళ్లూ ఎలాంటి కాలి కింద తిరిగింది. రెండోది, దాని విడిభాగాలు, అది విప్పగలిగే మనిషి మనకు ఎంత దూరంలో ఉన్నారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఈ వరుస వేరుగా ఉండొచ్చు. సాలూరు, కోరాపుట్ దారిలోని సుంకి ఘాటీ ఎక్కి దిగేవాళ్లకు మాత్రం ఇదే వరుస.

గేర్ హాయిగా పడితే గట్టిదనుకోవద్దు

టెస్ట్ డ్రైవ్‌లో అందరూ పడిపోయేది ఇక్కడే. లివర్ చిన్నగా కదిలి, టక్కున గేరు పడితే చాలు, 'బాక్స్ సూపర్' అనేస్తారు. లివర్ ఎంత హాయిగా కదులుతుందనేది కేబుళ్లు, బుష్‌లు, లివర్ పొడవు, సింక్రో రింగుల (వీటి పని కింద చెబుతాను) మీద ఆధారపడిన సంగతి. లోపల షాఫ్టులు, బేరింగులు, పళ్లు ఎంత బరువు మోయగలవన్నది వేరే సంగతి.

గేర్ల విషయంలో ప్రపంచమంతా మెచ్చుకునే రెండు కంపెనీల అనుభవం చూడండి. అమెరికాలో హోండా అమ్మిన 2006-08 సివిక్ ఎస్ఐలో మూడో గేరు గరగరలాడటం, దానంతటదే జారి బయటికి రావడం అనే సమస్య వచ్చింది. హోండా దానికి సర్వీస్ బులెటిన్ (డీలర్లకు పంపే మరమ్మతు సూచన) ఇచ్చి భాగాలు మార్చాల్సి వచ్చింది. నాలుగో తరం ఎంఎక్స్-5 లివర్ అంటే పడిచచ్చేవాళ్లున్నారు. దాని తొలి ఏళ్ల బండ్లలోనూ గేర్ బాక్స్ లోపల దెబ్బతిన్న ఉదంతాలు బయటపడి, మాజ్దా లోపలి భాగాలను మార్చింది. అలాగని ఆ రెండూ చెడ్డ బండ్లని కాదు. ఒకే మోడల్‌లో ఏ సంవత్సరం బండి అనేది కూడా పట్టి చూడాలి. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది బండి కంటే రెండు మూడేళ్లు ఆగి వచ్చిన బండిని నేను ఎక్కువగా నమ్ముతాను.

గేర్ బాక్స్‌ను అరగదీసేది టార్క్

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో పవర్ వేస్తారు. గేర్ బాక్స్ పళ్ల మీద పడే భారం మాత్రం టార్క్‌ది, అంటే ఇంజన్ తిప్పే బలానిది. ఫోక్స్‌వ్యాగన్ తన మాన్యువల్ బాక్సులకు ఎంక్యూ200, ఎంక్యూ250 అని పేర్లు పెట్టుకుంది. ఆ అంకె దాదాపుగా ఆ బాక్స్ మోయాల్సిన టార్క్‌ను సూచిస్తుంది, న్యూటన్ మీటర్లలో (ఎన్ఎం). ఈ లెక్క బుర్రలో పెట్టుకుంటే పోలిక సులువవుతుంది.

హోండా సిటీ పెట్రోల్ తీసుకోండి. 2014-20 మధ్య వచ్చినది 119 పీఎస్ (హార్స్ పవర్ లాంటి పవర్ కొలత), 5 గేర్లు. 2020లో వచ్చిన ఐదో తరం 121 పీఎస్, 6 గేర్లు. రెండింటికీ టార్క్ 145 ఎన్ఎం మాత్రమే. టర్బో లేదు కాబట్టి ఆ టార్క్ కూడా నెమ్మదిగా, ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పెరిగేకొద్దీ వస్తుంది. పళ్ల మీద ఒక్కసారిగా దెబ్బ పడదు. పరుగు కావాలంటే ఇంజన్‌ను పైదాకా తిప్పాలి, అది కొందరికి నచ్చదు. గేర్ బాక్స్ ఆయుష్షుకు మాత్రం ఇంతకంటే మంచి ఇంజన్ దొరకదు.

టర్బో బండ్లలో మారుతి బలెనో ఆర్ఎస్ (2017-20) 102 పీఎస్, 150 ఎన్ఎం. అదే కుటుంబానికి చెందిన బూస్టర్‌జెట్ ఇంజన్‌తో 2023లో వచ్చిన ఫ్రాంక్స్ టర్బో 100 పీఎస్, దాదాపు 148 ఎన్ఎం. రెండింటికీ 5 గేర్లే. టార్క్ తక్కువ, బండి బరువు తక్కువ. ఈ రెండింటి వల్ల బాక్స్‌కు ఊపిరి ఆడుతుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్, 172 ఎన్ఎం, టాటా ఆల్ట్రోజ్ రేసర్ 120 పీఎస్, 170 ఎన్ఎం, రెండింటికీ 6 గేర్లు. ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) మాన్యువల్ 110 పీఎస్, 175 ఎన్ఎం, 6 గేర్లు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాలలో ఇదే 1.0 టీఎస్ఐ 115 పీఎస్, 178 ఎన్ఎం ఇస్తుంది. 

ఇవన్నీ కంపెనీ ఇచ్చిన తీరులో ఉంటే బాక్స్ మోయగలిగే హద్దులోనే ఉన్నాయి. చిక్కు వచ్చేది రీమ్యాప్‌తో. చిన్న టర్బో ఇంజన్‌కు ల్యాప్‌టాప్ పెట్టి ముప్పై, నలభై ఎన్ఎం పెంచడం ఇప్పుడు గంటలో పని. 175 ఉన్నది 210 దాటిందంటే, 200 కోసం చేసిన బాక్స్ మీద మీరు అప్పు తీసుకున్నట్టే, అది వడ్డీతో సహా వసూలు చేస్తుంది. ముందు క్లచ్ జారుతుంది, తర్వాత బేరింగ్ మోగుతుంది. అందుకే పాత పోలో గానీ ఐ20 ఎన్ లైన్ గానీ చూడటానికి వెళ్తే మొట్టమొదట అడగాల్సింది 'రీమ్యాప్ చేయించారా?' అని. 'చేయించి మళ్లీ స్టాక్ చేసేశాం', అంటే కంపెనీ ఇచ్చిన తీరుకే మార్చేశాం అన్నా సరే, ఆ బండి మీద నాకు ఆసక్తి పోతుంది.

కొనేముందు తికమక పెట్టే పేర్లు

పోలో 'జీటీ' అని బ్యాడ్జ్ ఉన్నంత మాత్రాన గేర్ల బండి కాదు. 2013లో వచ్చిన 1.2 జీటీ టీఎస్ఐలో ఉన్నది 7 స్పీడ్ డీఎస్‌జీ, అంటే డ్రై క్లచ్ ఆటోమేటిక్. జీటీ టీడీఐ డీజిల్‌లో 5 గేర్ల మాన్యువల్ ఉంది, టార్క్ 250 ఎన్ఎం. 1.0 టీఎస్ఐ మాన్యువల్ 2020లో వచ్చింది.

ఐ20 ఎన్ లైన్ కూడా ఇలాగే. 2021లో వచ్చినప్పుడు దానికి ఐఎంటీ ఇచ్చారు. లివర్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. క్లచ్ పనిని యాక్చువేటర్ అనే ఎలక్ట్రానిక్ పరికరం చేస్తుంది. 2023లో ఫేస్‌లిఫ్ట్‌తో పాటు మూడు పెడళ్ల అసలు మాన్యువల్ వచ్చింది. పాత బండి అమ్మేవాళ్లు ఐఎంటీని కూడా 'గేర్ల బండే' అని చెబుతారు. జయపురం, గుణుపురం లాంటి చోట యాక్చువేటర్ మొరాయిస్తే మన మిస్త్రీ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఫోన్‌లోనే 'కింద ఎన్ని పెడళ్లు?' అని అడిగేయండి.

చలి ఉదయం, వేడి మధ్యాహ్నం

పాత బండి చూడటానికి వెళ్లేముందు అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పండి: 'మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు.' బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే మర్నాడు వస్తామని వెనక్కి వచ్చేయండి. కోరాపుట్ వైపు డిసెంబర్, జనవరి ఉదయాలు ఈ పరీక్షకు దేవుడిచ్చిన వరం. చలికి గేర్ ఆయిల్ చిక్కబడి, అరిగిన సింక్రో దాచుకోలేకపోతుంది.

సింక్రో రింగ్ చేసే పని చాలా చిన్నది. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందు దానితో పాటు నాలుగడుగులు పరుగెత్తినట్టు, గేరు పడేముందు రెండు భాగాల వేగాన్ని అది సమానం చేస్తుంది. సాధారణంగా ఇత్తడి రకం లోహంతో చేస్తారు, లోపలి వైపు సన్నని గాట్లు ఉంటాయి. అవి అరిగితే వేగం కలవకుండానే పళ్లు పళ్లకు తగులుతాయి, కర్ర్ మంటుంది. ఎక్కువగా వాడేది రెండు, మూడు గేర్లే కాబట్టి ముందు పోయేవి అవే. చల్లటి బండిని ముప్పై కిలోమీటర్ల వేగంలో మూడు నుంచి రెండుకు, మామూలు వేగంతో దించండి. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. అమ్మేవాడు పక్కనుంచి 'కొంచెం మెల్లగా వేయండి బాబూ' అన్నాడంటే, ఆ బండి సంగతి అతనికి తెలుసన్నమాట.

గేరు గట్టిగా పడుతోందా? కంగారు పడి బేరం వదిలేయకండి. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. హైడ్రాలిక్ లీకో, క్లచ్ ప్లేటో చూడాలి. రెండు సందర్భాల్లోనూ గట్టిగానే ఉంటే కేబుల్, బుష్, సెలెక్టర్ వైపు చూడాలి. కేబుల్ బుష్ పోయిన బండిని 'గేర్ బాక్స్ పోయింది' అని భయపడి వదిలేసేవాళ్లు చాలామంది. నిజానికి బేరం తగ్గించుకోవడానికి అంతకంటే మంచి సాకు ఉండదు.

రివర్స్ విషయంలో కూడా తొందరపడొద్దు. చాలా బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు. క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి వేయండి. అప్పుడు కూడా గరగరమంటే అనుమానించాల్సింది క్లచ్‌నే.

చెవికి పని చెప్పే పరీక్ష ఒకటి. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా క్లచ్ మీద కాలు తీసేయండి. సన్నగా గుయ్ మని శబ్దం వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇది పెద్ద పని, బాక్స్ విప్పాలి. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్. అది క్లచ్ సెట్‌తో పాటు పోయే ఖర్చు. నడుస్తుండగా ఒక్క గేరులోనే ఏడుపు వినిపిస్తే ఆ గేరు పళ్లు. అన్ని గేర్లలోనూ బండి వేగంతో పాటు పెరిగితే అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగో, డిఫరెన్షియలో, ఒక్కోసారి ఉత్త చక్రం బేరింగో. మలుపు తిప్పినప్పుడు శబ్దం మారితే చక్రం బేరింగేనని దాదాపు చెప్పవచ్చు.

ఇక ఘాట్. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాటీ మన ప్రాంతంలో గేర్ బాక్స్‌కు అసలైన పరీక్ష. వీలైతే అమ్మేవాళ్లను ఒప్పించి అక్కడిదాకా తీసుకెళ్లండి. ఎక్కేటప్పుడు నాలుగో గేరులో నలభై వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి పోయి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. దిగేటప్పుడు రెండు, మూడు గేర్లలో యాక్సిలరేటర్ వదిలేసి ఇంజన్ బ్రేకింగ్ మీద దిగండి, లివర్ మీద చెయ్యి పెట్టకుండా. ఇప్పుడు బరువు పళ్లకు రెండో వైపు నుంచి పడుతుంది. పళ్లు గానీ సెలెక్టర్ ఫోర్క్ (లోపల గేరును జరిపే కొంకి) గానీ అరిగి ఉంటే గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. ఘాట్ దిగుతుండగా ఇలా జరిగితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి బండిని ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. అయితే ఆ మాట అనుకునేముందు ఇంజన్ మౌంటు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) చూడండి. మౌంటు చిరిగినా లివర్ ఎగిరెగిరి పడుతుంది, గేరు జారుతుంది. మౌంటు బాగుండి గేరు జారితే ఇక మాటల్లేవు.

ఆఖరిది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది. మిస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి, అమ్మేవాళ్ల అనుమతితో గేర్ ఆయిల్ కొంచెం తీయించండి. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని కొనకు నల్లటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే కాటుకలా జారిపోతే భయం లేదు, అది మామూలు అరుగుదల. గోటికి తగిలే రేకులు, సూదుల్లాంటి ముక్కలు వస్తే లోపల ఏదో విరుగుతోంది. ఆయిల్‌ను తెల్ల ప్లాస్టిక్ మూతలో పోసి ఎండలో వంచి చూడండి. బంగారం రంగు మెరుపు పొడి కనిపిస్తే అది సింక్రో రింగుల నుంచి రాలిన ఇత్తడి. అయస్కాంతానికి ఇత్తడి అంటదు కాబట్టి ప్లగ్ శుభ్రంగా ఉందని సంబరపడితే ఇది తప్పించుకుపోతుంది.

దూరం కూడా నమ్మకంలో భాగమే

జయపురం నుంచైనా రాయగడ నుంచైనా విశాఖ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. బరంపురం వాళ్లకు జాతీయ రహదారి పక్కనే కాబట్టి విశాఖ, భువనేశ్వర్ రెండూ అందుబాటులో ఉంటాయి. మిగతావాళ్లకు ఆ సుఖం లేదు. గేర్ బాక్స్ దించిన కారు లిఫ్ట్ మీద నిలబడిపోతే పార్టు వచ్చేదాకా ఆ చోటు ఖాళీ కాదు, మిస్త్రీకి కూడా విసుగే. అందుకే బండి ఖరారు చేసేముందు మీ ఊరి మిస్త్రీని మూడు విషయాలు అడగండి. ఈ బాక్స్ ఎప్పుడైనా విప్పావా? క్లచ్ సెట్ ఎన్ని రోజుల్లో వస్తుంది? స్లేవ్ సిలిండర్ (తొక్కిన పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే భాగం) బయట ఉంటుందా, బాక్స్ లోపలా? కొన్ని బండ్లలో ఈ స్లేవ్ సిలిండర్‌ను గేర్ బాక్స్ హౌసింగ్ లోపలే పెట్టారు. చిన్న రబ్బరు సీల్ కారినా బాక్స్ మొత్తం దించాల్సిందే. 

డీజిల్ బండ్లలో, ముఖ్యంగా పోలో జీటీ టీడీఐ లాంటి వాటిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ కుదుపును మింగే రెండు ముక్కల చక్రం) గురించి కూడా అడగాలి. క్లచ్ ప్లేటు బిల్లు కంటే దాని బిల్లే పెద్దది. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు గడగడ చప్పుడు వస్తే అది అరిగిందని అనుమానించాలి. 250 ఎన్ఎం టార్క్‌తో ఘాట్ ఎక్కడంలో ఆ డీజిల్‌కు సాటి లేదు, నిజమే. కానీ ఆ ఆనందానికి వెనకాల ఒక పెద్ద బిల్లు ఉంటుందని తెలిసి కొనాలి.

ఫియట్ అబార్త్ పుంటో గురించి ప్రతివాళ్లూ అడుగుతారు. 2015లో వచ్చింది, 145 హార్స్ పవర్, 212 ఎన్ఎం, 5 గేర్లు. నడిపితే మనసు పోతుంది. ఫియట్ పేరుతో ఇప్పుడు ఇక్కడ కొత్త కార్లే లేవు. ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్ కూడా మంచి పరుగు, 215 ఎన్ఎం. ఆ కంపెనీ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో మీకు తెలిసిన మంచి మెకానిక్ ఉండి, ఇంట్లో ఇంకో బండి కూడా ఉంటే తీసుకోండి. రోజూ దామన్‌జోడికో సునాబెడకో డ్యూటీకి ఇదొక్క కారు మీదే వెళ్లాలంటే మాత్రం వద్దంటాను.

ఎవరికి ఏది

ఒకే కారు, రోజూ వాడకం, ఘాట్ ప్రయాణం తప్పదు, పాతదే కొంటారు అనుకుంటే నా మొదటి ఓటు 2014 తర్వాతి హోండా సిటీ పెట్రోల్ మాన్యువల్. సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నది వెతకండి. ఇంకొంచెం చిన్న బండి, టర్బో సరదా కావాలంటే బలెనో ఆర్ఎస్; బాగున్నవి తక్కువే దొరుకుతాయి, ఓపిక కావాలి. కొత్తదే కావాలి, ఊళ్లోనే సర్వీసు కావాలి అంటే ఫ్రాంక్స్ టర్బో మాన్యువల్. చూడటానికి స్పోర్ట్స్ కారులా ఉండదు, కానీ జయపురంలో అయినా రాయగడలో అయినా మారుతి బండిని ముట్టుకోవడానికి భయపడే మిస్త్రీ ఉండడు. 

డ్రైవింగ్ మీద ప్రేమే ముఖ్యం, నెలకు రెండు మూడు సార్లు విశాఖ ఎలాగూ వెళ్తారు అనుకుంటే ఐ20 ఎన్ లైన్ మూడు పెడళ్లది. ఆల్ట్రోజ్ రేసర్ 2024 జూన్‌లో వచ్చింది. ధరకు ఇచ్చే పవర్ చూస్తే ముచ్చటేస్తుంది, కానీ లక్ష కిలోమీటర్లు తిరిగిన బండ్లు ఇంకొన్ని కళ్లబడేదాకా దాని బాక్స్ ఆయుష్షు మీద నేను పందెం వేయను. వర్టస్, స్లావియా 1.0 మాన్యువల్‌లో స్టాక్ మ్యాప్ మీదున్నది, ఒక్క చేతి మీద తిరిగినది దొరికితే ధైర్యంగా తీసుకోవచ్చు, సర్వీసుకు దూరం వెళ్లే ఓపిక ఉంటే.

ఒక్క విషయంలో మాత్రం కారు ఏదైనా నా మాట మారదు. యాభై వేల కిలోమీటర్లకే రెండు సార్లు క్లచ్ మార్చిన బండి వద్దు. లారీల వెనక ఘాట్ ఎక్కుతూ సగం క్లచ్ మీద నిలబెట్టిన కాలు, గేరు లివర్ మీద ఎప్పుడూ ఆనించి ఉంచిన చెయ్యి, ఈ రెండూ మంచి బాక్స్‌ను కూడా తినేస్తాయి. లివర్ మీద చేతి బరువు లోపల సెలెక్టర్ ఫోర్క్ మీద పడుతూనే ఉంటుంది.

ఆంధ్ర రిజిస్ట్రేషన్ బండి కొని ఒడిశాలో ఉంచేట్టయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్ఓసీ తీసుకుని, ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టి ఓడీ నంబరు వేయించుకోవాలి. ఆ ఖర్చు కలిపాకే రెండు బండ్ల ధరలు పోల్చండి.

కొన్నాక మొదటి వారంలోనే గేర్ ఆయిల్ మార్పించండి. 'లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు' అని బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నా సరే, మీది పాత బండి, పైగా ఘాట్ బండి. పట్టేది మహా అయితే రెండు మూడు లీటర్లు. ఆ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. జీఎల్-4 రకం ఆయిల్ అని ఉన్నచోట 'ఇంకా మంచిది' అంటూ జీఎల్-5 పోయబోతే ఆపండి. దానిలోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రోలకు పడవు. ఆయిల్ మార్చిన రోజు డ్రైవ్ షాఫ్ట్ సీళ్ల దగ్గర తుడిపించి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత అక్కడ తడి ఉందేమో మళ్లీ చూపించండి. కారుతున్న సీల్ ఖరీదు కొన్ని వందలే. ఆయిల్ లేకుండా ఘాట్ ఎక్కిన బాక్స్‌ను మాత్రం ఎవరూ బాగుచేయలేరు, మార్చాల్సిందే.